కేబినెట్‌లో బిగించే ముందే కంప్యూటర్ భాగాల పరీక్ష

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి చోట్ల విడిభాగాలు కొని, కంప్యూటర్‌ను ఇంటి వద్ద స్వయంగా అమర్చుకునే వారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది అన్నింటినీ కేబినెట్‌లో బిగించి, తీగలన్నీ సర్ది కట్టి, చివరగా మీట నొక్కుతారు. తెర వెలగకపోతే చిక్కు అప్పుడే మొదలవుతుంది. లోపం మదర్‌బోర్డుదా, ర్యామ్‌దా, ఎస్‌ఎంపీఎస్‌దా, లేక బిగింపుదా అన్నది తేలదు. లోపమున్న వస్తువును దుకాణదారు మార్చి ఇచ్చే గడువు తరచు కొద్ది రోజులే. అది దాటితే వారంటీ కింద సర్వీసు కేంద్రం చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఈ సందిగ్ధతను తొలగించేదే బల్లపై పరీక్ష. చెక్క బల్లపై మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టెను ఉంచి, దానిమీద బోర్డును పెడితే చాలు. బోర్డును చుట్టి వచ్చిన వెండిరంగు సంచిని మాత్రం కింద పరచరాదు. స్థిర విద్యుత్తు నుంచి రక్షించే ఆ సంచి పైపొర గుండా కొంత విద్యుత్తు ప్రవహించగలదు.

తొలి పరీక్షకు ప్రాసెసర్, థర్మల్ పేస్ట్‌తో కూలర్, ఒకే ఒక్క ర్యామ్ స్టిక్ సరిపోతాయి. ర్యామ్‌ను ఏ గాడిలో పెట్టాలో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. నాలుగు గాడులున్న బోర్డుల్లో సాధారణంగా అది ప్రాసెసర్ వైపు నుంచి రెండవది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల తీగతో పాటు ప్రాసెసర్‌కు వెళ్ళే 8 పిన్నుల తీగనూ కలపాలి. మరచిపోయేది ఎక్కువగా ఈ రెండవదే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ సదుపాయం ఉండదు. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. మానిటర్ తీగను ఆ కార్డుకే కలపాలి. బోర్డుకు కలిపి, తెర నల్లగా ఉందని మంచి బోర్డును శంకించడం పరిపాటి.

భాగాలను తాకే ముందు చేతిలోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. ఎస్‌ఎంపీఎస్‌ను మూడు పిన్నుల సాకెట్‌కు కలిపి, గోడ స్విచ్ ఆపివేసి, దాని లోహపు పెట్టెను తాకడం ఒక మార్గం. ఎర్తింగ్ సరిగా ఉన్న ఇంట్లోనే ఇది ఫలిస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పే సాహసం ఎన్నడూ చేయరాదు. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

కేబినెట్ లేదు కనుక మీట కూడా లేదు. బోర్డు అంచున పవర్ స్విచ్‌కు కేటాయించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే అదే మీట పని చేస్తుంది. అక్కడ ఉండేది స్వల్ప వోల్టేజి, షాక్ కొట్టదు. అయితే ఆ రెండు పిన్నులు ఏవో పుస్తకంలో చూసి నిర్ధారించుకోవాలి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచవచ్చు. ర్యామ్‌ను సరిచూసుకునే ఆ వ్యవధిలో కంగారుపడి కరెంటు తీయరాదు. ఆ తరువాత కూడా తెర వెలగకపోతే, చాలా బోర్డులపై ఉండే చిన్న సూచిక దీపాలు లోపం ప్రాసెసర్ వద్దా, ర్యామ్ వద్దా, గ్రాఫిక్స్ వద్దా అన్నది సూచిస్తాయి.

బయోస్ తెర కనిపిస్తే ర్యామ్ పరిమాణం, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం చూసుకోవచ్చు. ఆపై రెండవ ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటిగా చేర్చాలి. చేర్చే ప్రతిసారీ కరెంటు పూర్తిగా ఆపాలి.

బల్లపై చక్కగా నడిచినది కేబినెట్‌లోకి చేరాక మొరాయిస్తే, అనుమానించవలసింది ముందుగా భాగాలను కాదు, బిగింపును. బోర్డును నిలిపే ఇత్తడి స్టాండాఫ్ ఒకటి రంధ్రం లేని చోట మిగిలి, బోర్డు వెనుక భాగాన్ని తాకుతూ ఉండవచ్చు. లేదా కేబినెట్ మీట తీగ వేరే పిన్నులకు కలిసి ఉండవచ్చు. ఈ రెండింటికీ దుకాణానికి వెళ్ళే పని లేదు. బోర్డును బయటకు తీసి, స్టాండాఫ్‌లను బోర్డు రంధ్రాలతో ఒక్కొక్కటిగా సరిపోల్చి చూస్తే కారణం దొరుకుతుంది.