కిటికీ మనది.. దృశ్యం వారిది

వెబ్‌సైట్లలో ఇతర వేదికల వీడియోలు, మ్యాపులు పొందుపరిచేవారు తెలుసుకోవాల్సినవి

పాఠశాల వార్షికోత్సవ వీడియో, ఆలయానికి దారి చూపే మ్యాపు, ఆస్పత్రి వైద్యుల ప్రసంగం... చిన్న సంస్థల వెబ్‌సైట్లలో ఇవి తరచుగా కనిపిస్తుంటాయి. వీటిలో చాలావరకు ఆ సంస్థల సర్వరులో ఉండవు. యూట్యూబ్, గూగుల్ మ్యాప్స్, ఫేస్‌బుక్ వంటి వేదికల నుంచి నేరుగా వచ్చి పేజీలో ప్రత్యక్షమవుతాయి. ఈ పద్ధతినే ఎంబెడింగ్ అంటారు. పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది. అయితే అవతలి వేదిక తలుపు మూసిన నాడు పేజీలో మిగిలేది ఖాళీ గడి మాత్రమే.

పనిచేసే తీరు ఇదీ..

ఫొటోను అప్‌లోడ్ చేస్తే దాని ప్రతి సొంత సర్వరులో నిల్వ ఉంటుంది. ఎంబెడింగ్‌లో అలా కాదు. పేజీలో ఉండేది వీడియో చిరునామా తెలిపే చిన్న కోడ్ మాత్రమే. పాఠకుడు పేజీ తెరవగానే అతని బ్రౌజర్ ఆ చిరునామాకు వెళ్లి వీడియోను తెచ్చి చూపుతుంది. పేజీలో మరో పేజీని ఇమిడ్చే ఈ ఏర్పాటుకు ఎక్కువగా ఐఫ్రేమ్‌ను వాడతారు. వీడియో భారమంతా యూట్యూబే మోస్తుంది. చూసేవారి నెట్ వేగాన్ని బట్టి దృశ్య నాణ్యతనూ సర్దుబాటు చేస్తుంది.

యూట్యూబ్ వీడియో కింద ‘షేర్’, ఆపై ‘ఎంబెడ్’ నొక్కితే కోడ్ లభిస్తుంది. దానిని కాపీ చేసి పేజీలో అతికించాలి. గూగుల్ మ్యాప్స్‌లోనూ ‘షేర్’లోనే ఈ సదుపాయం ఉంది. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్లలో వీడియో చిరునామాను విడిగా ఒక వరుసలో అతికిస్తే చాలు. ఓఎంబెడ్ అనే విధానం ద్వారా 2009లో వచ్చిన 2.9 వెర్షన్ నుంచి ఈ వెసులుబాటు ఉంది.

చిక్కు ఎక్కడ?

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. దీంతో సైట్లలో పొందుపరిచిన టిక్‌టాక్ వీడియోలు మన దేశంలోని పాఠకులకు కనిపించకుండా పోయాయి. అంతకు ముందు 2019 ఏప్రిల్‌లో సాధారణ వినియోగదారుల గూగుల్ ప్లస్ మూతపడింది. 2020 అక్టోబరులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలు మార్చడంతో, వర్డ్‌ప్రెస్‌లో వాటి చిరునామా అతికిస్తే చాలనే సౌకర్యం రద్దయింది. వేదిక పదిలంగా ఉన్నా వీడియో యజమాని దానిని తొలగించవచ్చు, ఎంబెడ్ అనుమతిని ఉపసంహరించుకోవచ్చు.

పాఠకుడి గోప్యత

ఎంబెడ్ ఉన్న పేజీని తెరిస్తే చాలు, వీడియోను నొక్కకపోయినా పాఠకుడి ఐపీ చిరునామా సాధారణంగా అవతలి వేదికకు చేరుతుంది. 2019 జులైలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఫ్యాషన్ ఐడీ కేసులో కీలక తీర్పు చెప్పింది. ఫేస్‌బుక్ ‘లైక్’ బటన్‌ను పొందుపరిచిన సైట్ కూడా, ఆ బటన్ ద్వారా వివరాల సేకరణకు, బదిలీకి ఉమ్మడి బాధ్యత వహించాలని స్పష్టం చేసింది. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. యూట్యూబ్ ఎంబెడ్‌లో గోప్యతను పెంచే ఐచ్ఛికం ఉంది. దానిని ఎంచుకుంటే అక్కడ చూసిన వీడియో వివరాలను యూట్యూబ్ తన సిఫార్సులకు వాడుకోదు.

పాటించాల్సిన జాగ్రత్తలు

* పొందుపరిచిన సొంత వీడియోల అసలు ప్రతిని హార్డ్ డిస్క్‌లో భద్రపరచుకోవాలి.

* వీడియో కింద దాని శీర్షిక, తేదీ, అందులోని ముఖ్యాంశాలను రెండు మూడు వాక్యాల్లో రాయాలి. వీడియో మాయమైనా విషయం మిగులుతుంది.

* మ్యాపు పక్కనే పూర్తి చిరునామా, బస్టాండు నుంచి వచ్చే దారి, ఫోన్ నంబరు ఇవ్వాలి.

* ఒకే పేజీలో వీడియోలు గుప్పిస్తే ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. డేటా కూడా ఖర్చవుతుంది. పాఠకుడు ఆ భాగానికి చేరినప్పుడే వీడియో లోడయ్యే లేజీ లోడింగ్ పద్ధతిని వాడటం మేలు.

* కోడ్‌ను అసలు వేదిక నుంచే తీసుకోవాలి. అపరిచిత సైట్లు ఇచ్చే స్క్రిప్టులు పేజీనే మార్చివేయగలవు.

* మూడు నెలలకోసారి లాగిన్ కాకుండా, పాఠకుడి మాదిరిగా సైట్‌ను తెరిచి పరిశీలించాలి.

వార్షికోత్సవ వీడియో కనిపించకపోతే పాఠకుడు సరిపెట్టుకోగలడు. ప్రవేశాల గడువు తెలిపే ప్రకటన ఫేస్‌బుక్ పోస్టు రూపంలోనే ఉండి, అది తొలగిపోతే విద్యార్థికి ఒక సంవత్సరమే నష్టం కావచ్చు. గడువు తేదీలు, వైద్యుల సమయాలు, రుసుముల వివరాలు మాత్రం సొంత పేజీలో అక్షరాల రూపంలోనే ఉండాలి.