సెన్సార్ చెడిందా, తీగ కాలిందా?

డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజను దీపం వెలిగితే మనలో చాలామందికి గుండె జారుతుంది. ఎన్.సి.టి. పరీక్ష దగ్గరపడినప్పుడైతే చెప్పనే అక్కర్లేదు! ఐర్లండ్‌లో 2000లో మొదలైన ఈ పరీక్షలో కారు పొగను కూడా కొలుస్తారు కదా.

పోయిన చలికాలం ఇక్కడ డండాక్‌లో మా పాత పెట్రోలు కారుకూ ఆ దీపం వెలిగింది. కోడ్ రీడరు పెడితే పి0135 అని వచ్చింది. అంటే ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం.

"పొగ వేడిగానే ఉంటుందిగా నాన్నా, మళ్ళీ హీటర్ ఎందుకు?" అని అడిగింది మా అమ్మాయి.

మంచి ప్రశ్నే! పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి పెట్రోలు ఎక్కువైందో, తక్కువైందో కంప్యూటరుకు చెప్పడం ఈ సెన్సార్ పని. అందులోని జిర్కోనియా అనే పింగాణీ పదార్థం సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగాని పనిచేయదు. పెనం కాలకుండా దోసె వేస్తే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు! బాష్ సంస్థ 1976లో తెచ్చిన తొలి సెన్సార్లకు హీటర్ లేదు. తర్వాత 1982లో చేర్చారు.

హీటర్ పనిచేయకపోతే పొగే సెన్సార్‌ను నెమ్మదిగా వేడిచేయాలి. అందాకా కంప్యూటరు అంచనా మీద పెట్రోలు పోస్తుంది. డబ్లిన్‌దాకా 80 కిలోమీటర్లు వెళ్ళేవారికి అది కాసేపే. చలిలో బడికీ కొట్టుకీ తిరిగే కారుకు మాత్రం ప్రయాణంలో చాలా భాగం అలాగే గడుస్తుంది. పెట్రోలు ఖర్చూ పొగా రెండూ పెరుగుతాయి.

అయితే కోడ్ వచ్చిందని వెంటనే సెన్సార్ కొనకండి. కోడ్ ఫిర్యాదే గాని తీర్పు కాదు. సర్క్యూట్ అంటే ఫ్యూజు, తీగలు, కనెక్టరు, హీటర్, కంప్యూటరు అన్నీ కలిపి.

మేము ముందుగా ఫ్యూజు చూశాం. కాలిపోయి ఉంది. అదే ఆంపియర్ల కొత్తది వేస్తే అదీ కాలింది. అంటే ఎక్కడో షార్టు ఉంది. ఇంజను బాగా చల్లారాక సెన్సార్ కనెక్టరు విప్పి, హీటర్ తీగల మధ్య మల్టీమీటరు పెట్టాం. మా కారులో అవి రెండు తెల్ల తీగలు. 9 ఓములు చూపింది. ఇది కారుకో రకంగా ఉంటుంది, మీ కారు సర్వీసు మాన్యువల్‌లో చూసుకోవాలి. మీటరు అసలు కదలకపోతే హీటర్ తెగినట్లే, అప్పుడు సెన్సార్ మార్చక తప్పదు.

మాది బాగానే ఉంది కాబట్టి తీగ వెంట వెతికాం. క్లిప్పు ఊడి, తీగ పొగగొట్టానికి ఆనుకుని తొడుగు కరిగిపోయింది! తీగ బాగుచేసి, వేడికి తట్టుకునే గొట్టం తొడిగి, దూరంగా కట్టాం. కొత్త ఫ్యూజు వేసి కనెక్టరు దగ్గర కొలిస్తే 12 వోల్టులు వచ్చాయి. కోడ్ చెరిపాక దీపం మళ్ళీ వెలగలేదు.

ఒక మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి. ఫ్యూజు కాలుతోందని పెద్దది వేయకండి. ఇదంతా మీరే చేయనక్కర్లేదు. సెన్సార్ మార్చాలని ఎవరైనా అంటే, "హీటర్‌కు మీటరు పెట్టి చూశారా?" అని అడిగితే చాలు.