కలము చేరిన రేవులు

చాల యేండ్ల క్రిందటి మాట. కోస్తాలోని మా యూరు విడిచి హైదరాబాదునకు క్రొత్తగా వచ్చిన దినములలో, చార్మినారునకు కూతవేటు దూరమున, పత్తర్‌గట్టీ వెనుకనున్న యొక యిరుకు సందులో, అంతకంటె ఇరుకైన క్షౌరశాలలో కూర్చుండి యుండగా, దుకాణము యజమానియైన వృద్ధుడు నా తల పని ముగించి, మెడపైని తుండుగుడ్డ దులిపి, కత్తిని తోలుపట్టీపై నాలుగుమార్లు నూరి, అద్దములో నా ముఖమును నిదానముగా పరికించుచు, "ఖలం ఎందాక ఉంచాలె సారూ?" అని యడిగెను. నేను తత్తరపడి చొక్కా జేబు తడిమి చూచుకొంటిని. కలము ఉన్నచోటనే యున్నది. ఆతడు నవ్వి, నా చెవి ప్రక్కగా చెంపమీదికి జారిన వెండ్రుకల పాయను కత్తి పిడితో తాకి చూపెను.

ఆ పాయకు ఉర్దూలో కలమని పేరు. కొండనాలుక యొద్ద పుట్టవలసిన యందలి తొలి యక్షరము హైదరాబాదువారి నోట 'ఖ'కారముగ మారుటచేత అది ఖలమైనది. పేరు తెలిసినది గాని, వ్రాత పనిముట్టునకును చెంప వెండ్రుకలకును గల పొత్తేమో నాకు నాడు బోధపడలేదు. కలము చెక్కుట యెట్టిదో యెఱిగినపిమ్మట గాని ఆ ముడి విడివడలేదు. బాగుగ నెండిన రెల్లు కాండమును తెచ్చి, చాకుతో నొకవైపు చెక్కి, నడుమ సన్నని చీలిక పెట్టి, తుదకు మొనను గట్టి పలకమీద నుంచి ఏటవాలుగా ఒక్క వేటున తెగగొట్టుదురు. అక్షరపు లావు సన్నములన్నియు ఆ వాలులోనే యున్నవి. కోత చెడినచో ఎంతటి లేఖకుని చేతనైనను వ్రాత చెడవలసినదే. అందుచేత కలమునకు తోడు కలంతరాషను ప్రత్యేకమైన చాకు కూడ లేఖకుల పెట్టెలో నుండెడిది. వస్తువునకు కోత యింత ప్రధానమైనప్పుడు, వస్తువు పేరే కోతకు పేరగుటలో వింత లేదు. ఫారసీ, ఉర్దూ భాషలలో 'కలము చేయుట' యనగా తెగగోయుట. శిరస్సును కలము చేయుట యనగా తల తెగవేయుట. తోటమాలి ఏటవాలుగా కోసి నాటిన కొమ్మయు, అంటుగట్టిన కొమ్మయు కలమే. మనము అంటుమామిడి యనుదానిని ఉత్తరాదివారు కలమీ ఆమ్ అందురు. క్షురకుడు చెంపమీద వాలుగా దించిన కత్తిగాటును ఆ కోవకు చెందినదే. లేఖకుడు, తలారి, తోటమాలి, క్షురకుడు — ఈ నలుగురును ఒక్క మాటను పంచుకొని బ్రతికినారు!

దస్త్రములలో నింకొక దారి యున్నది. ఫారసీ లెక్కల పుస్తకములలో ఒక్కొక్క పద్దునకు కలమని పేరు. ఆ వాడుకకు సమీపముననే మరాఠీవారు చట్టములోని అధికరణమును కలమనుచున్నారు. రాజ్యాంగములోని 370వ అధికరణము వారి పత్రికలలో 'కలమ్ 370'. చిత్రకారుల నడుమ కలమనగా శైలి. కాంగ్డా కలమ్, దక్కనీ కలమ్ అని చిత్రములను వేరుపఱచి చెప్పుదురు.

మన తెలుగునకు ఈ కలము చుట్టమే గాని యింట పుట్టిన బిడ్డ కాదు. మన పూర్వులు వ్రాసినది గంటముతో. తాటాకుపై ఉక్కు మొనతో గీరి, ఆ గీతలలో మసియో పసరో పులిమి, పైపై తుడిచివేసినచో అక్షరము నల్లగా తేలెడిది. గంటమునకు సిరాతో పనిలేదు; కలమునకు సిరా లేనిదే పూట గడవదు. కాగితమన్న మాటయు ఫారసీ 'కాగజ్' నుండి వచ్చినదే గనుక, కాగితమును కలమును పెండ్లివారివలె జంటగనే మన యింటికి వచ్చిన వనవచ్చును. తరువాత లోహపు పాళీలు వచ్చినవి, వాని వెంట పెన్నులు వచ్చినవి. గంటము మాత్రము కవుల వర్ణనలలో మిగిలినది.

కలమునకు పుట్టినిల్లెచ్చటనో చూడబోయిన, అరబ్బీలోని 'కలమ్' నుండి మఱియు వెనుకకు పోవలసియుండును. ఖురానులో అరువది యెనిమిదవ అధ్యాయమునకు ఈ పేరే యున్నది. అంతటి పవిత్రస్థానము నందిన శబ్దమైనను, అది గ్రీకు భాషనుండి వచ్చిన దని భాషావేత్తలు చెప్పుదురు. గ్రీకులో 'కలమోస్' అనగా రెల్లు. మేఅండ్రోస్ నదీదేవుని కుమారుడైన కలమోస్, నీట మునిగిన తన చెలికానికై వగచి వగచి రెల్లుగా మారిపోయెననియు, గాలికి రెల్లుపొద చేయు సవ్వడి యాతని రోదనమే యనియు వారి పురాణగాథ. లాటిన్‌వారు ఆ మాటను 'కలముస్' అని తీసికొని, సిరాబుడ్డికిని కలముల పెట్టెకును దానినుండియే పేర్లు కల్పించుకొనిరి. నల్లని సిరా చిమ్మెడు ఒకానొక సముద్రజంతువునకును ఇటలీవారు ఆ పేరే యంటగట్టిరి. నేడు మన తీరపు హోటళ్ళలో 'కాలమారి' యని వేపి తెచ్చిపెట్టు వంటకము వ్యుత్పత్తి ననుసరించి చూచిన సిరాబుడ్డియే. తినువారు ఈ సంగతి తలచకుండుట మేలు.

ఐరోపావారు మాత్రము తరువాతి కాలమున రెల్లును విడిచి పక్షియీకను పట్టిరి. పెన్నన్న మాటకు మూలమైన లాటిన్ 'పెన్నా' యనగా ఈక. పెన్సిల్ దాని తమ్ముడు గాడు. 'చిన్న తోక' యను నర్థము గల వేఱొక లాటిన్ మాటనుండి కుంచెకు పేరై, పిదప సీసపు పుల్లకు సంక్రమించినది. ఒకే జేబులో ప్రక్కప్రక్కనే యుండి, ఒకే విధముగ వినబడుచు, ఈ యిరువురికిని చుట్టరికము లేకపోవుట చూచినప్పుడు, ధ్వనిసామ్యమును నమ్మి సంబంధము కలుపుకొనువారిని గూర్చి నాకు కొంత జాలి కలుగును. నెల్లూరి పెన్నకు ఈ పెన్నుతో బంధుత్వము వెదకిన మహానుభావు లింకను నాకు తారసపడలేదు గాని, వెదకరను ధైర్యము లేదు.

అట్టి పొరపాటు జరుగుటకు మిక్కిలి వీలైన చోటు మన సంస్కృతమే. సంస్కృత నిఘంటువులలో కలమశబ్దమునకు లేఖిని యను నర్థము కలదు. గ్రీకు కలమోస్‌కు ఇది తోబుట్టువు కాదా యని ఎవరికైనను తోచును. కాని ఆ భాషలకు ధ్వనుల విషయమున నొక కట్టుబాటు కలదు. లాటిన్‌లో కొన్ని చోట్ల 'క' వినబడినచో సంస్కృతమున 'శ' వినబడవలెను: అచ్చట కెంతుమ్, ఇచ్చట శతమ్, అచ్చట దెకెమ్, ఇచ్చట దశ. గ్రీకు కలమోస్‌కు నిజమైన తోబుట్టువు రష్యన్‌లో గడ్డికి పేరైన 'సొలోమా'. అక్కడ 'క'కారము చక్కగ 'స'కారమైనది. ఆ కట్టుబాటు ప్రకారము సంస్కృతమున నా మాట శకారముతో మొదలుకావలసియుండగా కకారముతో నున్నది. కావున లేఖినియైన కలము పుట్టుకతో వచ్చిన దాయాది గాక, యవనులతోడి రాకపోకలలో దిగుమతియైన సరకని పండితులు ఊహించిరి. ఒక్క యక్షరముతో దొంగను పట్టుకొన్నట్టి ఈ పద్ధతిని చదివిననాడు నాకు కలిగిన సంతోషము అపరాధపరిశోధక నవలలు చదివినప్పుడును కలుగలేదు.

సంస్కృతకవుల చేతిలో కలమము సాధారణముగ వ్రాయునది కాదు, వండుకొనునది. అది యొక వరి. అమరకోశము శాలిధాన్యమును చెప్పుచు మొట్టమొదట కలమమునే పేర్కొన్నది. పంటకు కాపుండి చిలుకలను తోలెడు పడుచునకు కలమగోపిక యని కావ్యములలో పేరు. రఘువంశము నాల్గవ సర్గములో కాళిదాసు, రఘువు వంగరాజులను పెఱికి మరల వారి స్థానములందే నిలిపిన తీరును, పెఱికి నాటిన కలమపు వరితో పోల్చినాడు. నాటిన వరి బరువుతో మొదలంట వంగి ఫలమిచ్చినట్లు, ఆ రాజులు పాదములకు మ్రొక్కి సంపద లర్పించిరని భావము. నారుమడిలో పెరుకుట, దమ్ముచేసిన చేలో నాటుట — మన గోదావరి రైతులు ఊడ్పులను పనినే యా మహాకవి వంగదేశమున చూచినాడు. ఊడ్చిన చేను మొదట నాలుగు దినములు వాడి, పిమ్మట లేచి కమ్ముకొనుట కన్నులార చూచినవారికి గాని ఆ యుపమానపు బిగి పూర్తిగ తెలియదు.

కలము తెలుగునేలపై నిజముగ కాపురము పెట్టిన చోటు శ్రీకాళహస్తి. అచ్చటి కళాకారుని చేతిలోని పనిముట్టు వెదురుపుల్ల. దాని కొస చెక్కి, మొనకు అంగుళము పైగా ఉన్నిగుడ్డను ఉండవలె చుట్టి దారముతో బిగింతురు. కరక్కాయ ముద్దయు గేదెపాలును కలిపిన నీట తడిపి యారబెట్టిన నూలుబట్ట పచ్చని చాయతో, ఒకవిధమైన వగరు వాసనతో ఎదుట పఱచి యుండును. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని వారములు ఊరవేసి వడగట్టిన ద్రావకములో ఆ యుండను ముంచి, వ్రేళ్ళతో మెల్లగా నొక్కుచు, కృష్ణుని కనుబొమ్మను ఒక్క యూపులో దింపును. చూచుచుండగనే ఆ గీత బట్టలోని కరక్కాయ వగరును తాకి నల్లబడును; పాలలోని జిడ్డు దానిని ప్రక్కలకు పాకనీయదు. నొక్కు కొంచెము హెచ్చినచో కనుబొమ్మ మచ్చయగును, దిద్దుబాటు లేదు. ఈ పనిని అక్కడివారు పూర్వము వ్రాతపని యనెడివారు. కలంకారీ యన్న ఫారసీ పేరునకు అర్థమును అదియే — కలముతో చేసిన పని. ఐనను ఫారసీ మాటాడు వర్తకులు రాకపోకలు సాగించిన మచిలీపట్నమునందును, ప్రక్కనున్న పెడనయందును, టేకుకొయ్య అచ్చులతో అద్దుదురే గాని పెద్దగా కలము పట్టరు. కలము లేని పనికిని కలంకారీయే పేరు! అద్దకమను చక్కని తెలుగుమాట చేతిలోనుండగా బజారు ఈ పేరును వదలకున్నది.

ఇంతవరకు చెప్పినవన్నియు రెల్లుదుబ్బునందో వరిచేనునందో పుట్టినవి. మన ద్రావిడభాషల సొంతమైన కలము వేఱు. దానికి గడ్డిపోచతో నిమిత్తము లేదు. తెలుగు నిఘంటువులలో కలమనగా ఓడ. తమిళమున ఆ మాట యింకను సజీవమై, పాత్రకును, ఓడకును, నగకును చెల్లుచున్నది. పన్నెండు మరక్కాళ్ళ ధాన్యపు కొలతయు కలమే. ఒకదానిని తనలో నిముడ్చుకొనునది యన్న భావము పాత్రను ఓడను కొలతను కలుపుచున్నదని నా యూహ. నగ సంగతి నగ తొడిగినవారే చెప్పవలెను. ధాన్యము తూర్పారబట్టు కళ్ళమును ఇందు కలుపరాదు. దాని లకారము వేఱు, దాని వంశమును వేఱు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ఇట్టి కలములకొఱకే. గాలివానకు చెదరి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును మునుపటి రాజులు బలిమిని లాగుకొనుచుండగా, తాను న్యాయమైన సుంకము మాత్రమే గైకొని తక్కినదానిని వర్తకులకే విడుతునని యాతడు మాట యిచ్చెను.

కడకు, ఇంటింట తెలిసిన కలామును గూర్చి. మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరును విని, పత్రికలు నడపిన వాడు గనుక కలముచేత నా పేరు వచ్చినదనువారిని నేనెఱుగుదును. అది పొరపాటు. ఆ కలాము అరబ్బీలో వేఱొక కకారముతో వ్రాయునట్టిది. దాని రెండవ యక్షరము దీర్ఘము. అర్థము వాక్కు, ప్రసంగము. అబుల్ కలామనగా వాక్కునకు జనకుడు. అబ్దుల్ కలాం పేరిటనున్నదియు ఆ వాక్కే. లిపిలో కలమును కలామును ఒకదాని నొకటి చూడను కూడ చూడవు.

కాని అబ్దుల్ కలాం పుట్టిన రామేశ్వరములో తమిళపు కలము సముద్రముమీద నుండెను. తండ్రి జైనులాబ్దీన్ యాత్రికులను ధనుష్కోటికి చేరవేయుటకై తీరముననే ఒక కొయ్యనావ కట్టుచుండగా, కట్టెల మంటల వేడిమికి దాని పలకలు పదునెక్కుటను బాలుడు దినదినము పోయి చూచెడివాడు. కొయ్యతో కట్టిన ఓడకు తమిళములో మరక్కలమని పేరు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై 1980 జూలైలో శ్రీహరికోటనుండి రోహిణి ఉపగ్రహమును పైకి పంపెను. అంతరిక్షనౌకలను చెప్పుటకు తమిళులకు చేతికందినది ఆ పాత మాటయే: విణ్‌కలమ్, ఆకాశపు ఓడ. తండ్రి కట్టిన నావను మాత్రము ఒకనాటి పెనుగాలి కొనిపోయినది.