నిత్యజీవితంలో విశ్వాసం – కథలో మనిషి

మన విమర్శలో మతవిశ్వాసం సాధారణంగా రెండు సందర్భాల్లోనే చర్చకు వస్తుంది: మూఢనమ్మకాన్ని ఖండించేటప్పుడు, మతోన్మాదాన్ని ఎదిరించేటప్పుడు. రెండూ అవసరమైన పనులే. కానీ ఈ రెంటికీ మధ్య కోట్లాది శ్రామికుల రోజువారీ బతుకు ఉంది. వాళ్ళు దేవుణ్ణి నమ్ముతారు, కూలికి పోతారు, అప్పు తీరుస్తారు, పొరుగువాడికి అక్కరకు వస్తారు. ఆ మనిషిని కథలో ఎలా నిలబెట్టాలి? ఈ ప్రశ్నకు నెల్లూరు తీరం నుంచి వచ్చిన ఒక సమాధానాన్ని ఇక్కడ పరిశీలిస్తాను.

ముందుగా ఆ నేల సంగతి. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు తీసుకుంటారు. తీసుకున్నవారు తమ కోరిక తీరాక తిరిగి వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వాలి. హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు. ఆ రొట్టెల పేర్లు వినండి: చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె. సమాజం ఇవ్వలేకపోయిన వాటి జాబితా అది. మార్క్స్ 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చిన సంగతి మనకు కంఠస్థం. అక్కడే దాన్ని బాధితుల వేదనగా కూడా గుర్తించాడన్నది మాత్రం మనం తరచుగా మరచిపోతాం.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత తెలుగులో ముస్లిం రచయితల గొంతు స్పష్టంగా వినిపించింది. 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనంలో ఆ గొంతు ధిక్కారం. మరుసటి ఏడు వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' దారి వేరు. కావలి ప్రాంతపు దిగువ తరగతి ముస్లిం కుటుంబం ఇందులో వస్తువు. కథ చెప్పేవాడు చిన్నపిల్లవాడు. 'కథలు' అనకుండా 'కతలు' అనడంలోనే రచయిత ఎవరి నోటిమాట పక్షాన నిలబడ్డాడో తెలుస్తుంది. తరువాతి సంపుటికి ఆయన పెట్టిన పేరు 'పోలేరమ్మ బండ కతలు'. ఒక పేరులో దర్గా, మరొక పేరులో గ్రామదేవత. సామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వకుండానే ఒక పిల్లవాడి వీధిలో రెండూ ఉన్నాయని ఆ పేర్లు చెబుతాయి.

ఇక్కడ విశ్వాసం సిద్ధాంతంగా రాదు. ఇంటి ఖర్చుతో, బడితో, తిండితో, అమ్మ కోపంతో కలిసి వస్తుంది. పాత్ర శీలం ప్రార్థనలో కంటే ఇచ్చిపుచ్చుకోవడంలో ఎక్కువగా తెలుస్తుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడ ఆమిష్ అనే క్రైస్తవ వ్యవసాయ సమూహం ఉంది. వాళ్ళు గుర్రపు బండ్లలో తిరుగుతారు, ఆధునిక యంత్రాలను చాలావరకు దూరంగా ఉంచుతారు. 1997లో బెవర్లీ లూయిస్ నవల 'ది షన్నింగ్' వచ్చాక వాళ్ళ నిత్యజీవితం మీద కాల్పనిక సాహిత్యం పెద్ద మార్కెట్టుగా ఎదిగింది. రాసేవాళ్ళలో ఎక్కువమంది బయటివారే. చదివేవాళ్ళకు కావలసింది తాము పోగొట్టుకున్న పల్లె ప్రశాంతత. అప్పుడు విశ్వాసం అలంకారమవుతుంది, మనిషి బొమ్మవుతాడు.

ఈ ప్రమాదం మన కథకూ లేకపోలేదు. బాల్యం గొంతు పేదరికాన్ని తీపి చేస్తుంది. పాఠకుడు హాయిగా నవ్వుకుంటాడు కానీ, ఇంట్లో స్త్రీ చాకిరీ, సమూహం లోపలి ఎక్కువ తక్కువలు ఆ నవ్వులో మసకబారే అవకాశం ఉంది. ఖదీర్‌బాబు తరువాత రాసిన 'న్యూ బాంబే టైలర్స్' ఈ పరిమితిని దాటిందని నా అభిప్రాయం. రెడీమేడ్ దుస్తులు వచ్చిపడ్డాక చిన్న ఊరి దర్జీ పని ఏమైందన్నది అక్కడ వస్తువు. ఆ దర్జీ ముస్లిం. కానీ అతని గౌరవం ఉన్నది చేతిపనిలో. ఆ పనిని మార్కెట్టు మింగేసినప్పుడు దెబ్బ తినేది జేబు ఒక్కటే కాదు, అతని వ్యక్తిత్వం కూడా.

కొత్తగా రాసేవారికి నేను చెప్పదలచింది ఇంతే. విశ్వాసం గల మనిషిని రాసేటప్పుడు అతన్ని ఎగతాళి చేయవద్దు, పూజించవద్దు. అతను ఏం నమ్ముతాడో అడిగి ఊరుకోక, ఏం పని చేస్తాడో, ఎవరికి బాకీ ఉన్నాడో, కష్టంలో ఎవరి తలుపు తడతాడో చూడండి. ఆ వివరాల్లోనే అతని మతమూ, వర్గమూ, మనిషితనమూ కలిసి కనిపిస్తాయి.