లక్ష పౌండ్ల బేరం, ఏడేళ్ల యుద్ధం

1755 సెప్టెంబరులో బ్రిటన్ రష్యాతో ఒక బేరం కుదుర్చుకుంది. బాల్టిక్ తీరంలోని లివోనియాలో రష్యా 55 వేలమంది సైనికుల్ని సిద్ధంగా ఉంచాలి. అందుకు బ్రిటన్ ఏడాదికి లక్ష పౌండ్లు ఇస్తుంది. ఆ సైన్యం నిజంగా యుద్ధానికి దిగితే ఐదు లక్షలు. బ్రిటన్ రాజు రెండో జార్జికి జర్మనీలో హనోవర్ అనే వంశపారంపర్య సంస్థానం ఉంది. ప్రష్యా దాని జోలికి రాకుండా భయపెట్టడానికే ఈ ఖర్చంతా.

భయం పనిచేసింది, కాస్త ఎక్కువగానే. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ బెదిరిపోయి నేరుగా బ్రిటన్‌తోనే రాజీకి వచ్చాడు. జర్మనీలోకి పరాయి సైన్యాల్ని రానివ్వకూడదంటూ 1756 జనవరి 16న వెస్ట్‌మినిస్టర్‌లో ఒప్పందం కుదిరింది. ప్రష్యాకు అప్పటిదాకా మిత్రదేశమైన ఫ్రాన్స్‌కు ఒళ్లు మండింది. ప్రష్యా మీద దాడి చేయడానికే డబ్బు అందుతోందని నమ్మిన రష్యా మహారాణి ఎలిజబెత్‌కు ఇంకా మండింది. మే 1న ఫ్రాన్స్ తన తరతరాల శత్రువు ఆస్ట్రియాతో వెర్సాయ్‌లో చేతులు కలిపింది. ఇద్దరిలో ఎవరి మీద దాడి జరిగినా రెండోవారు 24 వేలమందిని పంపాలి: 18 వేల కాల్బలం, 6 వేల ఆశ్వికదళం. ఇలా ఎనిమిది నెలలు తిరక్కుండానే ఎవరు ఎవరి పక్షమన్నది తారుమారైంది.

దీని వెనుక ఆస్ట్రియా మంత్రి కౌనిట్జ్ ఏళ్ల తరబడి నడిపిన రాయబారం ఉంది. 1740లో ఫ్రెడరిక్ లాక్కున్న సైలీషియాను తిరిగి రాబట్టుకోవాలన్నది మహారాణి మరియా థెరీసా పట్టుదల. అందుకు సముద్ర బలమున్న బ్రిటన్ స్నేహం కొరగాదనీ, నేలమీద లక్షమందిని నడిపించగల ఫ్రాన్సే కావాలనీ కౌనిట్జ్ తేల్చాడు. లెక్క సరైనదే.

ఇక ఫ్రెడరిక్ లెక్క చూద్దాం. ప్రష్యా జనాభా సుమారు 40 లక్షలు, సైన్యం దాదాపు లక్షన్నర. ఒక్క ఫ్రాన్స్ జనాభాయే రెండున్నర కోట్లు. దక్షిణాన ఆస్ట్రియా, తూర్పున రష్యా, పడమట ఫ్రాన్స్ ఒకేసారి కదిలితే ఆ లక్షన్నరను మూడు వాటాలు వేయాలి. వాళ్లు సిద్ధమయ్యేలోపే ఒకరిని పడగొట్టాలని నిర్ణయించుకుని, 1756 ఆగస్టు 29న యుద్ధ ప్రకటన కూడా లేకుండా పొరుగునున్న శాక్సనీలోకి చొరబడ్డాడు. అక్టోబరులో పిర్నా దగ్గర సుమారు 18 వేల శాక్సన్ సైన్యం లొంగిపోయింది. వాళ్లకు ప్రష్యన్ యూనిఫాం తొడిగి తన దండులో కలిపేసుకున్నాడు. సందు దొరికినప్పుడల్లా వాళ్లు పారిపోయారు, అది వేరే సంగతి.

సైనికంగా ఇది తెలివైన ఎత్తు. ఒప్పందాల పరంగా చూస్తే ఇంతకంటే పొరపాటు మరొకటి లేదని నా అభిప్రాయం. వెర్సాయ్ సంధి రక్షణ సంధి. దాడికి గురైనవారికే సాయం అందుతుంది. ఫ్రెడరిక్ తానే ముందుగా దాడి చేసి ఆ షరతును శత్రువుల తరఫున నెరవేర్చిపెట్టాడు. పైగా శాక్సనీ రాజకుమారి ఫ్రాన్స్ యువరాజు భార్య. సరిగ్గా ఏడాదికి, 1757 మే 1న, రెండో వెర్సాయ్ సంధి కుదిరింది. 24 వేలన్న అంకె లక్షా 5 వేలైంది. దానికితోడు ఆస్ట్రియాకు ఏడాదికి కోటీ 20 లక్షల ఫ్లోరిన్ల నగదు. ఆ ఏడాది మొదట్లోనే రష్యా, ఆస్ట్రియాలు చెరో 80 వేలమందిని రంగంలో ఉంచాలని రాసుకున్నాయి. స్వీడన్ కూడా ఆ వరసలో చేరింది.

నలువైపులా శత్రువులున్న రాజుకు మిగిలిన వెసులుబాటు ఒక్కటే, తాను మధ్యలో ఉండటం. ఒక సరిహద్దు నుంచి మరో సరిహద్దుకు అతని దారి దగ్గర. శత్రువులు ఒకరినొకరు కలుసుకోవాలంటే చుట్టూ తిరగాలి. 1757 నవంబరు 5న రాస్‌బాక్‌లో 22 వేలమందితో, ఫ్రెంచి, జర్మన్ సంస్థానాల సేనలు కలిసిన 41 వేలమందిని ఓడించాడు. అతని నష్టం దాదాపు 550 మంది, వాళ్లది 10 వేలు. ఆ వెంటనే తూర్పుకు తిరిగి, సుమారు 270 కిలోమీటర్లు రెండు వారాల్లో నడిపించి, డిసెంబరు 5న లాయ్‌తెన్‌లో తనకు దాదాపు రెట్టింపున్న ఆస్ట్రియన్లను చెదరగొట్టాడు. అదే ఏడాది జూన్‌లో కోలిన్ దగ్గర ఓడి 13 వేలమందికి పైగా పోగొట్టుకున్న రాజు ఇతనే.

పడమటి వైపు కాపలా ఖర్చు బ్రిటన్ భరించింది. 1758 ఏప్రిల్ 11 ఒప్పందం ప్రకారం ప్రష్యాకు ఏడాదికి 6 లక్షల 70 వేల పౌండ్లు, విడిగా ఎవరూ శాంతి చేసుకోకూడదన్న షరతు. మూడేళ్ల కిందట రష్యాకు ఇవ్వజూపిన లక్షతో పోలిస్తే ఇది పెద్ద మొత్తమే. ఆ డబ్బుకు ఫలితం దక్కింది. ఫ్రాన్స్ తన ప్రధాన బలగాన్ని జర్మనీలోనే ఉంచుకోవాల్సి వచ్చింది. కెనడాలో బ్రిటన్‌తో పోరుకు అదనపు బలం కావాలని అక్కడి ఫ్రెంచి సేనాని మోంకామ్ మనిషిని పంపితే, 1759లో అతను తిరిగి తెచ్చింది కొన్ని వందలమందిని. ఆ సెప్టెంబరులోనే క్విబెక్ బ్రిటిష్ పరమైంది.

మరి నలుగురు కలిసి ఒక్కడిని ఎందుకు ముగించలేకపోయారు? 1759 ఆగస్టు 12న కూనర్స్‌డార్ఫ్‌లో రష్యా, ఆస్ట్రియాల ఉమ్మడి సైన్యం ఫ్రెడరిక్‌ను చిత్తు చేసింది. 50 వేలమందిలో 19 వేలదాకా నష్టపోయాడు. బెర్లిన్‌కు దారి తెరుచుకుంది. అయినా వాళ్లు కదల్లేదు. ఆస్ట్రియా సేనాని డౌన్ ధ్యాసంతా సైలీషియా, శాక్సనీల మీదే. ఆస్ట్రియాకు సైలీషియా దక్కడం కోసం రష్యన్లు ఎందుకు చావాలన్నది రష్యా సేనాని సాల్టికోవ్ అనుమానం. సంధిపత్రం చెరో 80 వేలని చెప్పింది గానీ, గెలిచాక ఎటు నడవాలో ఆ 80 వేలకు ఎవరూ చెప్పలేదు.

1762 జనవరి 5న ఎలిజబెత్ కన్నుమూసింది. ఫ్రెడరిక్ అంటే పడిచచ్చే మూడో పీటర్ రష్యా గద్దెనెక్కాడు. మే 5న శాంతి, జూన్‌లో ఏకంగా మైత్రి. నిన్నటిదాకా ఆస్ట్రియా పక్కన పోరాడిన రష్యా సేనాని చెర్నిషెవ్ తన 20 వేలమందితో వచ్చి ప్రష్యా విడిదిలో చేరాడు. జూలైలో పీటర్‌ను భార్య కేథరిన్ పదవి నుంచి దింపి, సేనల్ని వెనక్కి రమ్మంది. ఫ్రెడరిక్ చెర్నిషెవ్‌ను మూడు రోజులు ఆగమని బతిమాలాడు. యుద్ధం చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. జూలై 21న బర్కర్స్‌డార్ఫ్‌లో రష్యన్లు ఒక్క తూటా పేల్చకుండా నిలుచున్నారు. వాళ్లను చూసి డౌన్ తన బలగంలో కొంత అటువైపు కాపలా పెట్టాడు, ఫ్రెడరిక్ ఇటు కొట్టి గెలిచాడు. యుద్ధమంతటిలో మిత్రదేశపు సైన్యం ఇంత చవగ్గా అక్కరకొచ్చిన సందర్భం మరోటి కనబడదు.

ఈ లెక్కల సెగ మన కోస్తాకూ తగిలింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి నాలుగు సర్కారులు రాసిచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని బుస్సీయే, యూరప్ యుద్ధం కబురందాక ఆ ఏడాదే విశాఖపట్నంలోని ఇంగ్లీషు స్థావరాన్ని పట్టుకున్నాడు. 1758 ఏప్రిల్‌లో పుదుచ్చేరిలో దిగిన కొత్త సేనాని లాలీకి మద్రాసు మీదే గురి. బలం చాలక బుస్సీని దక్కను నుంచి పిలిపించుకున్నాడు. ఉత్తరాన పట్టు సడలగానే విజయనగరం ఆనంద గజపతిరాజు విశాఖను తీసుకుని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవ్ సుమారు 500 మంది యూరోపియన్లు, 2 వేలమంది సిపాయిలతో సేనాని ఫోర్డ్‌ను పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. మే 14న సలాబత్ జంగ్ పక్షం మార్చి, మచిలీపట్నం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికిచ్చాడు. అటు లాలీకి మద్రాసు దక్కనేలేదు. 1759 ఫిబ్రవరిలో ముట్టడి ఎత్తేశాడు.

1763 ఫిబ్రవరి 15న హుబర్టస్‌బర్గ్ సంధిలో సైలీషియా ఫ్రెడరిక్‌కే మిగిలింది. సరిహద్దులు యుద్ధానికి ముందెక్కడున్నాయో అక్కడే నిలిచాయి. అంతకు ఐదు రోజుల ముందు కుదిరిన పారిస్ సంధి, భారతదేశంలో ఫ్రాన్స్ 1749 మొదట్లో ఉన్న వర్తక స్థావరాలనే తిరిగి పొందాలంది. యానాం దక్కింది, 1753లో వచ్చిన సర్కారులు పోయాయి. అదే సంధి సలాబత్ జంగ్‌ను దక్కను సుబేదారుగా గుర్తించింది. అతన్ని తమ్ముడు నిజాం అలీ 1762లోనే గద్దె దింపి బీదరు కోటలో బంధించాడు.