ముంగిట బండలు పరిపించే ముందు

ఇల్లు కట్టుకునేవారికి కడగొట్టున మిగిలే పని ముంగిలి. గోడలు లేచి, మిద్దె పడి, రంగులు వేసి, గృహప్రతిష్ఠ ప్రార్థన ముగిసేసరికి చేతిలో డబ్బు అడుగంటుతుంది. ఉన్న కాస్తతో ముందర నాలుగు బండలు పరిపించేస్తే సరిపోతుందనుకొని, ఎవరు తక్కువకు వస్తే వారిని పిలుస్తాము. మందిరం విషయంలో మేమూ అట్లే చేశాము. అందువల్ల కలిగిన నష్టం డబ్బుతో పోయేది కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

మా మందిరం ముందర స్థలం 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. వానకాలంలో బురద తొక్కుకుంటూ ఆరాధనకు రావలసి వచ్చేది. సంఘస్థులు కానుకలు కూడబెట్టిన తరువాత, మా సంఘంలోనే ఉన్న ఒక బేల్దారి మేస్త్రీని పిలిపించాము. ఆయన చెప్పిన ధరను మా పెద్దలు బేరమాడి అడుగుకు పది రూపాయలు తగ్గించారు. దేవుని పని గదా అన్నారు. ఆయన కాదనలేక ఒప్పుకున్నాడు. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని మేమే అన్నాము. ఆ మాట అన్నది మేమేనని ఇక్కడ ఒప్పుకోవాలి.

నాలుగు రోజుల్లో పని అయిపోయింది. చూడడానికి ఎంతో అందంగా ఉండింది. మొదటి వానకే నీళ్లు గేటు వైపు పోక మందిరం మెట్ల కింద నిలిచాయి. ఎండకాలం వచ్చేసరికి బండలు ఒక్కొక్కటి కాలు పెడితే ఊగసాగాయి. ఒక ఆదివారం ఒక అవ్వ లేచిన అంచు తట్టుకొని పడితే మణికట్టు విరిగింది. మేస్త్రీని అడిగితే, "అయ్యగారూ, మీరు అడిగింది రేటు. కింద ఏమేస్తావని ఎవరూ అడగలేదే" అన్నాడు. పెద్దలకు కోపం వచ్చింది, ఆయనకూ వచ్చింది. ఆ తరువాత ఆయన కుటుంబం ఆరు నెలలు ప్రభువు బల్లకు రాలేదు.

ఆయన మాటలో నిజమున్నది. బండల పనిలో కంటికి కనబడేది బండ, పనిని నిలబెట్టేది దాని కిందిది. కొండాపురం, ముద్దనూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో ఎక్కువ చోట్ల నల్లరేగడి నేల. వానకు అది ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నెర్రెలు బారుతుంది. ఆ మట్టి మీదనే అంగుళం ఇసుక చల్లి బండ వేస్తే, నేలతోపాటు బండ కూడా ఏటా లేస్తుంది, దిగుతుంది. మా ముంగిట జరిగింది అదే. ఈ నేల మీద పని నిలవాలంటే అడుగు లోతు నల్లమట్టి తీసివేసి, గరుసును రెండు పొరలుగా పోసి, ప్రతి పొరను తడిపి దిమ్మిస కొట్టాలి. దాని మీద ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర కలిపిన కాంక్రీటు మూడు అంగుళాలు వేయాలి. ఆ పైన ఒకటికి ఆరు సిమెంటు మాలు మీద బండను కూర్చోబెట్టి, సందులను ఒకటికి మూడు మాలుతో పూడ్చాలి. వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఇంత పనికి అయ్యే ధర, ఇసుక మీద పరిచే పనికి అయ్యే ధర ఒకటి ఎట్లవుతుంది? ముగ్గురు మేస్త్రీలను ధర అడిగితే, ముగ్గురికీ ఇదే లెక్క చెప్పి అడగండి. లేకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పినట్టే.

గండికోట జలాశయం వలన ఊళ్లు విడిచి కొత్త కాలనీలలో ఇళ్లు కట్టుకున్నవారు మన ప్రాంతంలో ఎంతోమంది. 2020లో నీళ్లు పెరిగినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వారు పడిన బాధ మనమెరిగినదే. పరిహారపు డబ్బు ఒకసారే చేతికి వస్తుంది, మరల రాదు. అట్టివారికి విశేషంగా చెప్పేదేమంటే, పల్లపు స్థలంలో కొత్తగా మట్టి పోయించి ఉంటే ఒక వానకాలం గడిచేవరకు బండలు పరిపించకండి. పోసిన మట్టి దిగవలసినంత దిగనివ్వండి. కాస్త బురద తొక్కితే తొక్కుదాము.

ఇక బండ సంగతి. మన కడప బండ సున్నపురాయి జాతికి చెందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నార్జి సున్నపురాయి అంటారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినది కూడా ఈ సున్నపురాయిని నమ్ముకొనే. ఇది పొరలు పొరలుగా విడుతుంది గనుక ఒకే లోడులో అంగుళం మందమూ ఉంటుంది, రెండంగుళాలూ ఉంటుంది. లోడు దిగేటప్పుడు దగ్గర నిలబడి పలచనివాటిని వేరు చేయించండి. చిన్న సుత్తితో తట్టితే గట్టి బండ ఖంగున మోగుతుంది. లోపల చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది. పాలిష్ చేసిన నల్లబండ ఇంట్లోకి బాగుంటుంది గాని ముంగిటికి పనికిరాదు. తడిస్తే జారుతుంది, మే నెలలో కాలు పెట్టనివ్వదు. ముంగిటికి గరుకు బండే మేలు. పని అయిన తరువాత సిమెంటు మరకలు పోవాలని కొందరు యాసిడ్ పోసి కడుగుతారు. సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే నురగ కక్కి రాయే తినిపోతుంది, నలుపు పోయి తెల్లబారుతుంది. మేస్త్రీ పోస్తానన్నా పోయనివ్వకండి. తడి ఆరకముందే గోనెపట్టాతో తుడిపించుకోవడమే మార్గం.

అంగడి ముందర, ఎరువుల గోడౌను ముందర ట్రాక్టర్లు తిరిగేచోట పలచని బండ నిలవదు. అక్కడ సిమెంటు పేవర్ బ్లాకులు మేలు. మనుషులు, మోటారు సైకిళ్లు తిరిగేచోటికి 60 మిల్లీమీటర్ల మందం చాలు, బరువు బండ్లు తిరిగితే 80 కావాలి. వాటికి చుట్టూ అంచు కట్ట లేకపోతే బ్లాకులు పక్కలకు జరుగుతాయి. అంచు కట్టకు విడిగా డబ్బు అడిగే మేస్త్రీలు ఉన్నారు గనుక ముందే అడగండి.

వాటం సంగతి మరువకూడదు. అయిదారు అడుగులకు ఒక అంగుళం చొప్పున నేల వాలాలి, ఆ వాలు ఇంటినుండి బయటికి ఉండాలి. సందులు పూడ్చకముందే నాలుగు బిందెల నీళ్లు మెట్ల దగ్గర కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. ఆ దశలో తప్పు దిద్దడం గంట పని, తరువాత వారం పని. ముంగిలి అంతా మూసివేయడం కూడా మంచిది కాదు. చెట్టు మొదట మూడడుగులు మట్టి వదలాలి. వాలిన నీళ్లను ఇంకుడుగుంటలోకి మళ్లిస్తే మన బోర్లకే మేలు. నీళ్లకు కరువున్న సీమలో పడిన చినుకును రోడ్డు మీదికి తోలడం మాకైతే మనసొప్పదు.

మేస్త్రీని ఎంచుకోవడం ఎట్లా? నెల క్రితం చేసిన పని ఎవరిదైనా బాగుంటుంది. రెండు వానకాలాలు చూసిన పనిని చూపించమనండి. అక్కడికి వెళ్లి ఇంటి యజమానిని గాక, ఆ ముంగిలి ఊడ్చే తల్లిని అడగండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ బండ ఊగుతుందో ఆమెకే తెలుసు. పని జరిగినన్నాళ్లు మేస్త్రీ తానే ఉంటాడా, లేక మనుషులను వదిలి ఇంకొక పనికి పోతాడా అని కూడా తెలుసుకోండి.

కాగితం వ్రాసుకోవడం అవిశ్వాసమని కొందరు విశ్వాసులు అనుకుంటారు. యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలాన్ని పరాయివాని యొద్ద కొనలేదు, తన పినతండ్రి కుమారుడైన హనమేలు యొద్దనే కొన్నాడు. అయినను 17 తులముల వెండి సాక్షుల ఎదుట తూచి ఇచ్చాడు, పత్రం వ్రాయించాడు, ముద్ర వేసినది ఒకటి, వేయనిది ఒకటి రెండింటినీ మట్టికుండలో దాయించాడు. యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తీసి చదువుకోండి.

మన కాగితంలో ఏమి ఉండాలంటే, మొదట కొలత. మా స్థలం 1200 చదరపు అడుగులని మేస్త్రీ లెక్క కట్టాడు. వేపచెట్టు అరుగు 6 అడుగులు 6 అడుగులు, అంటే 36. గోడ వెంట రెండు పూలపాదులు ఒక్కొక్కటి 20 అడుగులు 2 అడుగులు, అంటే 80. ఈ 116 అడుగులలో బండే లేదు. అనగా చదరం పైచిలుకుకు ఊరకే డబ్బు ఇచ్చాము. కొలత తరువాత బండ మందం, కింద వేసే పొరలు, ఎవరి సామాను, విరిగిన బండలు ఎవరి ఖాతా, మిగిలిన మట్టి ఎవరు ఎత్తాలి, ఎన్నాళ్లలో ముగించాలి అన్నవి వ్రాయండి. డబ్బు ఒకసారే ఇవ్వక, గరుసు పని అయినప్పుడు కొంత, కాంక్రీటు అయినప్పుడు కొంత, బండలు పరిచినప్పుడు కొంత ఇవ్వండి. పదింట ఒక వంతు ఒక మంచి వాన పడేవరకు ఆపుకోవచ్చు, అది కూడా ముందే వ్రాసి ఉండాలి. పని అయ్యాక కొత్తగా ఆపడం అన్యాయం. సిమెంటు, బండల డబ్బు అంగడివానికే నేరుగా కట్టి రసీదు తీసుకోండి. మేస్త్రీ కింద పనిచేసే కూలీలకు శనివారం కూలి అందిందా అని ఒక మాట అడగండి. కోతవారి కూలిని గూర్చి యాకోబు వ్రాసినది మనకు తెలియనిది కాదు.

ఇంత చేసినా మోసపోతే, సొంత ఇంటి పనికి డబ్బిచ్చి సేవ పొందినవారు వినియోగదారులే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేండ్లలోగా కడపలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు, చెల్లించిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. వ్యాపార స్థలాలకు ఇది వర్తించకపోవచ్చు, స్వయంగా బతుకుతెరువు కోసం నడుపుకునే చిన్న అంగడికి మినహాయింపు ఉన్నది. అయితే అక్కడా మొదట అడిగేది కాగితమూ రసీదులే.

మేము కమిషన్‌కు పోలేదు. ఇద్దరు పెద్దలతో కలిసి మేస్త్రీ ఇంటికి వెళ్లాము. బేరమాడి ఆ పది రూపాయలు కోసినది మా తప్పేనని చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చివరకు, "గరుసు, కంకర మీరు తోలిపెట్టండి, పని నాది. అవ్వ చేతికి ఆసుపత్రిలో ఎంతయిందో అదీ చెప్పండి" అన్నాడు. ఈసారి రెండు పేజీల కాగితం వ్రాసుకున్నాము. సాక్షి సంతకం అవ్వ కొడుకు చేశాడు.

బండలన్నీ లేపి, నల్లమట్టి తీసి, మళ్లీ వేయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. అక్టోబరులో రెండు రాత్రులు వాన పడింది. నీళ్లు ఇంకుడుగుంటలోకి పోయాయి. ఆ ఆదివారం ఆరాధన తరువాత మిగిలిన పదవ వంతు ఆయన చేతికిచ్చి కాగితం మీద రాయించుకున్నాము. గేటు పక్కన రెండు బండల మధ్య ఇంకా చెంబెడు నీళ్లు నిలుస్తున్నాయి. సంక్రాంతి లోపల వచ్చి లేపి సరిచేస్తానన్నాడు.