కావాలని చేయకపోతే తప్పు కాదా?

కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీ మైదానాల్లో కబడ్డీ ఆడే కుర్రాళ్లలో చాలామంది కన్ను స్పోర్ట్స్ కోటా కొలువు మీదే. ఒక్క మొరటు పట్టు చాలు.. అవతలివాడి మోకాలుతో పాటు కొలువు ఆశా పోతుంది. ‘కావాలని చేయలేదన్నా’ అంటే సరిపోతుందా?

కబడ్డీలో రెయిడర్ నోరు మూసినా, జుట్టు పట్టినా, కాళ్లతో కత్తెర వేసినా ఫౌలే. గ్రీన్ కార్డు అంటే హెచ్చరిక. ఎల్లో అయితే 2 నిమిషాలు బయట. రెడ్ అయితే ఆ మ్యాచ్‌కే దూరం. ఫుట్‌బాల్‌లోనూ మితిమీరిన బలం వాడితే, ఉద్దేశం ఏదైనా రెడ్ కార్డే.

రూల్ లేకుంటే ఏమవుతుంది? 2010 మార్చిలో ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మాట్ కుక్ ఢీకొట్టడంతో మార్క్ సవార్డ్ తలకు గట్టి దెబ్బ తగిలింది. అలాంటి దెబ్బను నిషేధించే రూల్ అప్పటికి లేక కుక్‌పై సస్పెన్షన్ పడలేదు. తలపై దెబ్బలకు ప్రత్యేక రూల్ ఆ తర్వాతే వచ్చింది.

గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే రెండు ప్రశ్నలుగా విడదీయండి. తప్పా, కాదా? చేసిన పనిని చూడాలి. శిక్ష ఎంత? అప్పుడు ఉద్దేశం, పాత రికార్డు చూడాలి. రేపు ఆఫీసులో మీ పొరపాటునూ ఇలాగే తూకం వేస్తారు.